మా ఇంటి ప్లాను గీయించిన పిస్టల్ క్లాసు

డాలస్‌కు ఉత్తరాన మేముండే వైపు కిరాణా కొట్టుకు వెళ్ళినంత తేలిగ్గా షూటింగ్ రేంజ్‌కు వెళ్ళొచ్చు. 2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో 21 ఏళ్ళు నిండి, చట్టం అడ్డుచెప్పని వాళ్ళెవరైనా లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట పెట్టుకోవచ్చు. అంటే ఒక్క గంట క్లాసు కూడా వినక్కర్లేదు. మూడేళ్ళుగా నా పరిస్థితీ దాదాపు అదే. బీరువా పక్కన చిన్న సేఫ్, అందులో గ్లాక్ 19 పిస్టల్. నాలుగుసార్లు రేంజ్‌కు వెళ్ళి ఏడు గజాల దూరంలో కాగితానికి చిల్లులు పెట్టాను. తెనాలిలో కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో పాయింట్ టూ టూ రైఫిల్ పేల్చిన ధీమా ఒకటి. చేతికి వచ్చేసిందనే అనుకున్నాను.

మా ఆయన సోమవారం వెళ్తే గురువారం రాత్రికి గానీ రారు. మొన్న పక్క వీధిలో దొంగలు పడ్డాక టెన్షన్ మొదలై ఈ క్లాసుకు పేరిచ్చాను. శనివారం ఉదయం ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా, ఎనిమిది మందిమి, ఫీజు 160 డాలర్లు, 150 గుళ్ళు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. విషయం ఒక్కటే: రెడీ పొజిషన్. పిస్టల్ చేతిలోకి వచ్చింది, కాల్చాలో వద్దో ఇంకా తేలలేదు. ఆ మధ్యలో దాన్ని ఎలా పట్టుకుని నిలబడాలి? దీనికి ఐదు గంటలా అని నేనూ అనుకున్నాను.

మొదటి రెండు గంటలు అసలు తుపాకీ ముట్టనివ్వలేదు, అన్నీ నీలం రంగు ప్లాస్టిక్‌వే. మాస్టారు రిటైరైన పోలీసు, అరవై దాటిన మనిషి. తలా ఒక కాగితం ఇచ్చి, మీ ఇంటి ప్లాను గీసి ఎవరు ఎక్కడ పడుకుంటారో రాయమన్నారు. నేను గీశాను. పైన మా గది, వరండాకు అవతల మా పదమూడేళ్ళ వాడి గది. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేదు కాబట్టి అత్తయ్య కింద. అర్ధరాత్రి చప్పుడైతే మెట్ల దగ్గర ఎలా నిలబడతావో చూపించమన్నారు. రేంజ్‌లో నేర్పినట్టే చేతులు ముందుకు చాపి, గొట్టం నేలవైపు దించి నిలబడ్డాను. దీన్ని లో రెడీ అంటారు. ఆయన వచ్చి నా కాగితం మీద మెట్ల కింద వేలు పెట్టి, ఇక్కడెవరున్నారని అడిగారు.

మా అత్తయ్య.

మా మేడ నేలేమీ తెనాలి ఇంటి స్లాబు కాదు కదా. పైన చెక్క పలక, కింద షీట్‌రాక్ అనే జిప్సమ్ అట్ట, మధ్యలో ఖాళీ. తొమ్మిది ఎంఎం గుండుకు అదొక అడ్డే కాదు. ఇళ్ళ లోపలి గోడలూ అంతే.

అలాగని లో రెడీ చెడ్డదని ఆయన అనలేదు. చేతులు కిందికి ఉంటాయి కాబట్టి ఎదుటివాడి చేతుల్లో ఏముందో కనిపిస్తుంది, పైకెత్తితే టార్గెట్ మీదికి తిన్నగా వస్తుంది. కాంక్రీటు మీద కట్టిన కింది అంతస్తులో అదే మేలు. మేడ మీద నాకు హై రెడీ నయం. పిస్టల్ ఒంటికి దగ్గరగా, గొట్టం పైకి, చూపుకు అడ్డం రాకుండా. నెత్తిన ఉండేది అటకే. కానీ అదే పద్ధతిలో మెట్లు దిగితే పైన పిల్లవాడు ఉంటాడు! అంటే ఒకే ఇంట్లో పదమూడు మెట్లకు పద్ధతి మారిపోతుంది. మూడోది కంప్రెస్డ్ రెడీ, రెండు చేతులతో గుండెకు దగ్గరగా లాక్కుని గొట్టం ముందుకు పెట్టడం. మలుపు తిరిగేటప్పుడు మనకంటే ముందు తుపాకీ బయటపడదు, ఎవరైనా లాక్కోబోయినా పట్టు జారదు. అయితే గొట్టం ఎదుటి గోడనే చూస్తూ ఉంటుంది, ఆ గోడ వెనక ఎవరున్నారో మళ్ళీ కాగితం చూసుకోవాలి. సినిమా పోస్టర్లలో పోలీసు హీరో చెవి పక్కన నిలువుగా పట్టుకునే పద్ధతి కూడా ఉందట, కార్లోంచి దిగేటప్పుడు పనికొస్తుందట. దాని మీద ఆయన ఎక్కువసేపు ఉండలేదు.

నాకు ఇబ్బంది పెట్టింది సూల్. పోర్చుగీసులో దక్షిణం అని అర్థం. బ్రెజిల్ పోలీసులకు శిక్షణ ఇచ్చిన అమెరికన్లు తెచ్చిన పద్ధతి. పిస్టల్‌ను ఛాతీకి బల్లపరుపుగా ఆనించి గొట్టం నేలకు పెడతారు, మనుషుల మధ్య నడవడానికి. ట్రైనింగ్ పిస్టల్‌లో లేజర్ వెలుగుతూ ఉంటుంది కాబట్టి గొట్టం ఎటు చూస్తోందో ఎర్రచుక్క పట్టిచ్చేస్తుంది. మగవాళ్ళకు చుక్క నేల మీద పడింది. నాకు నా ఎడమ బూటు మీద. ఆడవాళ్ళ ఛాతీ బల్లపరుపుగా ఉండదని ఈ పద్ధతి కనిపెట్టిన వాళ్ళకు తోచినట్టు లేదు. మాస్టారు తడబడ్డారు. సహాయకురాలిగా ఉన్నావిడ వచ్చి, పిస్టల్ కాస్త కిందికి దించి ఒంటికి దూరం జరపమంది. చుక్క బూటు దిగింది. ఆవిడ లేకపోతే ఈ క్లాసుకు ఒక మార్కు తగ్గించేదాన్ని.

నేల మీద టేపుతో గదులు గీసి మమ్మల్ని నడిపిస్తుండగా వెనక ఎవరో స్టీలు గిన్నె పడేశారు. ఎనిమిది మందిలో నలుగురం తుపాకీతో సహా తిరిగాం. నా చుక్క ఆ సహాయకురాలి మోకాలి మీదుగా పోయింది. వేలు మాత్రం ట్రిగ్గర్ మీద లేదు, పక్కన ఫ్రేమ్ మీదే ఉంది. ఉలిక్కిపడితే పిడికిలి బిగుసుకుంటుంది, ఆ వేలూ దానితోపాటే బిగుసుకుంటుంది. ఎన్‌సీసీ హవల్దారు తిట్లు అప్పుడు గుర్తొచ్చాయి.

టార్చ్ సంగతి కూడా చెప్పారు. ఎవరో చూడటానికి తుపాకీకి తగిలించిన లైటు వాడొద్దు, లైటు తిరిగిన వైపే గొట్టమూ తిరుగుతుంది. వేరే టార్చ్ ఉండాలి. అసలు ఇల్లంతా వెతుక్కుంటూ తిరగొద్దు, పిల్లవాణ్ణి గదిలోకి తెచ్చుకుని 911కి ఫోన్ చెయ్యమన్నారు. మరి అత్తయ్య? దానికి ఆయన దగ్గరా సమాధానం లేదు.

తర్వాత రేంజ్‌లో నిజం గుళ్ళు. టైమర్ బీప్ నుంచి మొదటి గుండుకు లో రెడీలో 1.6 సెకన్లు, హై రెడీలో 1.9, సూల్‌లో 2.4. నేను మొహం వేలాడేస్తే మాస్టారు నవ్వి టార్గెట్ బొమ్మలు మార్చారు, కొన్ని బొమ్మల చేతుల్లో కత్తి, కొన్నిటిలో ఫోను. ఫోను పట్టుకున్న ఒకాయన్ని కాల్చేశాను. ఆ తర్వాత సెకన్ల గురించి నేను మాట్లాడలేదు.

లోపాలు చెప్పాలి. రేంజ్ భాగం ముప్పావుగంట ఆలస్యంగా మొదలై హడావిడిగా ముగిసింది. అద్దె చెవి మఫ్స్ వదులు, లోపల ఇయర్ ప్లగ్స్ కూడా పెట్టుకోండి. మెడ మూసే చొక్కా వేసుకోమని ఈమెయిల్‌లో ఒక్క ముక్క రాయలేదు. పేల్చాక పిస్టల్‌లోంచి ఎగిరిన వేడి గుండు తొడుగొకటి నా మెడలోంచి లోపలికి పోయింది, మచ్చ ఇంకా ఉంది. సీసం దుమ్ము అంటిన చేతులు కడుక్కోవడానికి సరైన సబ్బు లేదు, నా ఇడ్లీ డబ్బా ఇంటికి వచ్చాకే తెరిచాను. కౌంటర్ దగ్గర కుర్రాడు, మీ ఆయన ఎప్పుడొస్తారని అడిగాడు. గురువారం అన్నాను.

హెచ్1బీ మీద ఉన్న మనవాళ్ళకు ఒక మాట. వారాంతం సరదాగా రేంజ్‌కెళ్ళి ఫొటోలు పెడుతుంటారు. ఫెడరల్ చట్టం ప్రకారం ఆ తరహా వీసాల మీద ఉన్నవాళ్ళు మామూలుగా తుపాకీ గానీ గుళ్ళు గానీ దగ్గర ఉంచుకోకూడదు, రేంజ్‌లో అద్దెకు తీసుకున్నవైనా సరే. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. ముందు లాయర్ని అడగండి. ఇంట్లో పదిహేడేళ్ళ లోపు పిల్లలుంటే, గుళ్ళు నింపిన తుపాకీ వాళ్ళకు అందేలా వదిలేసి, అది వాళ్ళ చేతికి చిక్కితే టెక్సస్‌లో నేరం.

ఈ క్లాసుకు నా మార్కులు ఐదుకు నాలుగు. ఇదే మాస్టారి రాత్రిపూట క్లాసుకు నవంబర్‌లో పేరిచ్చాను.

ఇంటికొచ్చి సేఫ్ పైన ఆ కాగితం అంటించాను. పైన ఉన్నంతసేపూ హై రెడీయే అని తేల్చుకున్నా మనసు ఊరుకోలేదు. అత్తయ్య మంచం మెట్ల కింది నుంచి కిటికీ వైపు గోడకు లాగుతుంటే, "ఏమ్మా, ఇప్పుడెందుకిది?" అంది.

"అక్కడ ఏసీ గాలి మీకు నేరుగా తగులుతోంది అత్తయ్యా" అన్నాను.