ప్రత్యర్థి ఎవరో చెప్పే పట్టిక: బాక్స్‌రెక్ సేవపై సమీక్ష

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఒక బాక్సర్‌ను పరిచయం చేసేటప్పుడు ముందుగా వినిపించేది అతని గెలుపోటముల లెక్క. 2015 జనవరిలో డియాంటే వైల్డర్ హెవీవెయిట్ టైటిల్ కోసం బెర్మేన్ స్టివర్న్‌తో తలపడే నాటికి ఆ లెక్క 32 పోటీలు, 32 విజయాలు, 32 నాకౌట్లు. వాటిలో ఒక్క పోటీ కూడా నాలుగో రౌండు దాటలేదు. ఆ అంకెలు చూసి కొందరు అతనికి ఎదురే లేదని నమ్మితే, ఏరి తెచ్చిన ప్రత్యర్థులను పడగొట్టడం నల్లేరు మీద నడకేనని మరికొందరు కొట్టిపారేశారు. ఇరుపక్షాలూ తొందరపడ్డాయి. అతని కుడిచేతి దెబ్బలో బలముందని ఆ జాబితా చెప్పింది. పన్నెండు రౌండ్లు నిలబడగలడా అన్నది మాత్రం ఇంకా ఎవరూ పరీక్షించలేదని కూడా చెప్పింది. స్టివర్న్ పన్నెండు రౌండ్లూ నిలబడి ఆ పరీక్ష పెట్టాడు, వైల్డర్ పాయింట్ల మీద గెలిచాడు.

బలహీనుల మీద గెలిచినవాడు బలహీనుడని అర్థం కాదు, అతన్ని ఇంకా ఎవరూ కొలవలేదని మాత్రమే అర్థం. ఈ తేడాను గుర్తించడానికి అభిమానులకు అందుబాటులో ఉన్న సాధనాల్లో నేను అన్నిటికంటే ఎక్కువగా ఆధారపడేది బాక్స్‌రెక్. ఇంగ్లండ్‌కు చెందిన జాన్ షెపర్డ్ 2000లో మొదలుపెట్టిన ఈ సేవ ప్రపంచవ్యాప్తంగా బాక్సర్ల రికార్డులను ఒకచోట చేర్చింది. ఉచితంగా ఖాతా తెరిస్తే బాక్సర్ల పేజీలు చదువుకోవచ్చు.

ఒక పేజీని దగ్గర నుంచి చూస్తే దాని విలువ తెలుస్తుంది. ప్రతి పోటీకి ఒక వరుస ఉంటుంది. అందులో తేదీ, ప్రత్యర్థి పేరు, వేదిక, ఫలితం కనిపిస్తాయి. ప్రత్యర్థి పేరు పక్కనే అతని గెలుపులు, ఓటములు, డ్రాలు వేర్వేరు రంగుల్లో ఉంటాయి, ఆ తర్వాత అతని చివరి ఆరు పోటీల ఫలితాలు చిన్న చిన్న రంగు గళ్ళుగా కనిపిస్తాయి. అసలు కీలకమేమిటంటే, ఆ లెక్క ఇవాళ్టిది కాదు, పోటీ జరిగిన నాటిది. నా దృష్టిలో ఈ సేవ మొత్తంలో ఇంతకు మించిన గుణం లేదు. ఉదాహరణకు ఎజార్డ్ చార్ల్స్ కెరీర్ మొత్తంలో 95 గెలుపుల పక్కన 25 ఓటములు ఉన్నాయి. ఆ 25 అంకె మాత్రమే చూసినవారు 1954లో హెవీవెయిట్ ఛాంపియన్ రాకీ మార్సియానో ఒక సాధారణ బాక్సర్‌ను రెండుసార్లు ఓడించాడనుకునే ప్రమాదముంది. కానీ ఆ ఓటముల్లో సగానికి పైగా ఆ తర్వాతి సంవత్సరాల్లో వచ్చినవే. మార్సియానోతో మొదటి పోటీలో పదిహేను రౌండ్లూ నిలబడిన చార్ల్స్ అంతకుముందు లైట్ హెవీవెయిట్ మేటి ఆర్చీ మూర్‌ను మూడుసార్లు ఓడించిన మాజీ ప్రపంచ ఛాంపియన్.

ఓటముల అంకె ఎంతగా దారి తప్పించగలదో 2014లో ఫెదర్‌వెయిట్ విభాగంలో జరిగిన రెండు పోటీలు చూపిస్తాయి. రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన వాసిల్ లోమచెంకో తన రెండో ప్రొఫెషనల్ పోటీలోనే ప్రపంచ టైటిల్ కోసం ఓర్లాండో సాలిడోతో తలపడ్డాడు. సాలిడో ఖాతాలో అప్పటికే 12 ఓటములున్నాయి. పైగా అతను 126 పౌండ్ల పరిమితిని రెండు పౌండ్లకు పైగా దాటి త్రాసు మీదే టైటిల్ పోగొట్టుకున్నాడు. అయినా స్ప్లిట్ డెసిషన్‌తో, అంటే ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి మొగ్గుతో, గెలిచింది సాలిడోయే. జూన్‌లో, తన మూడో పోటీలో, లోమచెంకో ఎదుట నిలిచినవాడు 24 పోటీల్లో ఒక్కటీ ఓడని గ్యారీ రస్సెల్ జూనియర్. ఈసారి లోమచెంకో గెలిచాడు. అంకెలను నమ్మినవారికి ఈ రెండు ఫలితాలూ తలకిందులుగా కనిపిస్తాయి. సాలిడో పేజీలోకి, రస్సెల్ పేజీలోకి వెళ్ళి ఒక్కో వరుసా చదివినవారికి ఆశ్చర్యం తగ్గుతుంది: సాలిడో ఓటముల్లో హువాన్ మాన్యుయెల్ మార్కెజ్ వంటి మేటి బాక్సర్ల పేర్లున్నాయి, రస్సెల్ గెలుపుల్లో ఆ స్థాయి పేరు ఒక్కటీ లేదు. అలాగని రస్సెల్ ప్రతిభ లేనివాడా అంటే కాదు. మరుసటి సంవత్సరమే జానీ గొంజాలెజ్‌ను ఓడించి ప్రపంచ టైటిల్ గెలిచాడు. 2014 జూన్ వరకు అతన్ని ఎవరూ కొలవలేదు, అంతే.

కాబట్టి ఈ సేవను వాడేవారు ఒక్క పేజీతో ఆగకూడదు. ప్రత్యర్థి పేరు మీద నొక్కి, అతను ఎవరిని ఓడించాడో, ఎవరి చేతిలో ఏ రౌండ్లో ఓడాడో చూడాలి, ఆ పోటీ తర్వాత అతని గతి ఏమైందో కూడా చూడాలి. ఒక్క ఓటమీ లేని మార్సియానో 49 విజయాల మీద ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న వాదాన్ని తీర్చడానికి ఈ పద్ధతి బాగా పనికొస్తుంది. అతను ఓడించిన పెద్ద పేర్లన్నీ వయసు మళ్ళినవారివేనని విమర్శకులంటారు. 1951లో 37 ఏళ్ళ జో లూయిస్ విషయంలో అది నిజం. ఆ ఓటమి తర్వాత లూయిస్ మళ్ళీ ప్రొఫెషనల్ పోటీకి దిగలేదు. కానీ 1955లో మార్సియానో చేతిలో నాకౌటైన ఆర్చీ మూర్ ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి లైట్ హెవీవెయిట్ ఛాంపియన్‌గా కొనసాగాడు. ఇద్దరి పుట్టిన సంవత్సరాలు దగ్గరదగ్గరగా ఉన్నా, ఆ రెండు విజయాలను ఒకే గాటన కట్టలేము.

ఓటమి వృత్తిగా బతికిన బాక్సర్లకు కూడా ఈ పట్టిక న్యాయం చేస్తుందని చెప్పాలి. ఇంగ్లండ్‌కు చెందిన పీటర్ బక్లీ 300 పోటీల్లో 256 ఓడాడు, 32 గెలిచాడు, 12 డ్రా చేసుకున్నాడు. అతని మీద గెలుపు ఎవరినీ గొప్పవాడిని చేయదు. కానీ తర్వాత ప్రపంచ ఛాంపియన్ అయిన నసీమ్ హమీద్ వంటి యువకులు తమ ఆటను సానబెట్టుకున్నది అతనిలాంటి అనుభవజ్ఞుల ముందే. ఇమాన్యుయెల్ అగస్టస్ సంగతి ఇంకా విశేషం: 38 గెలుపులు, 34 ఓటములు, 6 డ్రాలు. ఆ లెక్క చూస్తే దాటిపోవలసిన పేరుగానే తోస్తుంది. అయితే తనకు ఎదురైన అత్యంత కష్టమైన ప్రత్యర్థుల్లో అతనొకడని స్వయంగా ఫ్లాయిడ్ మేవెదరే చెప్పాడు. అదే మేవెదర్ అజేయ రికార్డులో 50వ గెలుపు మిశ్రమ యుద్ధకళల (ఎంఎంఏ) పోటీదారు కోనర్ మెక్‌గ్రెగర్ మీద వచ్చింది. 2017 ఆగస్టులో జరిగిన ఆ పోటీయే మెక్‌గ్రెగర్‌కు తొలి ప్రొఫెషనల్ బాక్సింగ్ పోటీ.

రికార్డులు అందరి కళ్ళెదుటా ఉండటం ఎంత అవసరమో 1977 నాటి ఉదంతం చెబుతుంది. ఆ సంవత్సరం అమెరికాలో ఏబీసీ టెలివిజన్, ప్రమోటర్ డాన్ కింగ్ కలిసి నడిపిన టోర్నమెంటుకు ద రింగ్ అనే బాక్సింగ్ పత్రిక ర్యాంకులే ఆధారం. కొందరు బాక్సర్ల రికార్డుల్లో అసలు జరగని పోటీలు చేరాయని బయటపడటంతో దానిని మధ్యలోనే ఆపేశారు. ర్యాంకుల కోసం లంచాలు తీసుకున్నారన్న ఆరోపణల మీద 1999లో ప్రపంచ టైటిళ్ళు ఇచ్చే సంస్థల్లో ఒకటైన ఐబీఎఫ్ (అంతర్జాతీయ బాక్సింగ్ సమాఖ్య) అధిపతిపై అమెరికాలో ఫెడరల్ కేసు కూడా పడింది. బాక్స్‌రెక్ ర్యాంకును కంప్యూటర్ లెక్కిస్తుంది కాబట్టి అక్కడ చేతులు తడిపే అవకాశం లేదు. ఇది చిన్న మేలు కాదు.

అయినా నా ఫిర్యాదు ఆ ర్యాంకు మీదే. కొలతకు అందని బాక్సర్ పేరు పక్కన కూడా అది ఒక కచ్చితమైన అంకె పెడుతుంది. ఎన్ని గట్టి పరీక్షల మీద ఆ అంకె నిలబడిందో చూడగానే తెలిసే ఏర్పాటు లేదు. ఇరవై గెలుపుల తర్వాత కూడా ఒక్క గట్టి ప్రత్యర్థిని ఎదుర్కోని వ్యక్తిని, నాలుగు గట్టి పోటీల్లో రెండు ఓడిన వ్యక్తిని ఒకే నిచ్చెన మీద పైకీ కిందకీ నిలబెట్టడం చదువరిని తప్పుదారి పట్టిస్తుంది. అలాగే ఫలితం నమోదవుతుంది గానీ ఆ ఫలితం సబబైనదా కాదా అన్నది నమోదు కాదు. 1999 మార్చిలో లెనాక్స్ లూయిస్, ఇవాండర్ హోలీఫీల్డ్ పోటీ తీవ్ర వివాదం రేపిన తీర్పుతో డ్రాగా ముగిసింది; గెలుపోటముల లెక్కలో మాత్రం అది మిగతా డ్రాల లాంటిదే. అటువంటి చోట జడ్జీల స్కోర్లు తెరిచి చూడటమే కాక పోటీని కూడా చూడక తప్పదు.

చాలామంది పట్టించుకోని వేదిక గడిని మాత్రం విడిచిపెట్టవద్దని కొత్తగా చేరేవారికి చెబుతాను. ఉక్రెయిన్‌కు చెందిన ఒలెక్సాండర్ ఉసిక్ పేజీలో ఆ గడిని పైనుంచి కిందికి చదవండి: 2018లో మైరిస్ బ్రియెడిస్‌తో రిగాలో, మురాత్ గాసియెవ్‌తో మాస్కోలో, టోనీ బెల్యూతో మాంచెస్టర్‌లో, 2021లో ఆంథొనీ జాషువాతో లండన్‌లో. ప్రత్యర్థి బలవంతుడు, స్థలం అతనిది, గ్యాలరీ అతని వైపు; అయినా నాలుగు చోట్లా గెలుపు ఉసిక్‌దే. గెలుపుల సంఖ్యలో ఉసిక్ కంటే ముందున్న ఛాంపియన్లు ఎందరో ఉన్నారు; ఇటువంటి నాలుగు వరుసలు చూపగలిగినవారు అరుదు.