మా ప్లాంట్‌లో డోకువికీ: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

2017 దసరాకు, ఆయుధపూజ రోజున, యుటిలిటీ ఆఫీసులో మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్ మీద డోకువికీ ఎక్కించాను. వికీ అంటే అందరూ కలిసి రాసుకుని, దిద్దుకునే పేజీలు; డోకువికీ అలాంటి పేజీలు నడిపే సాఫ్ట్‌వేర్. కంప్రెసర్లకీ చిల్లర్లకీ పెట్టినట్టే దానికీ ఎవరో పసుపు కుంకుమ పెట్టేశారు. ఆ మరక ఇప్పటికీ సీపీయూ మీద ఉంది.

మాది జీడిమెట్లలో ఒక మోస్తరు బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ఫ్యాక్టరీ. నేను మెయింటెనెన్స్ ఇంజినీర్ని. బాయిలర్, చిల్లర్లు, కూలింగ్ టవర్లు, జనరేటర్లు, వందకు పైగా పంపులు మా సెక్షన్ కిందికి వస్తాయి. వికీ పెట్టాలన్న బుద్ధి మాకు మేముగా పుట్టింది కాదు. నాణ్యతా ప్రమాణం ఐఎస్‌వో 9001ని 2015లో మార్చినప్పుడు సంస్థకున్న జ్ఞానం గురించి 7.1.6 అని ఒక క్లాజు కొత్తగా చేర్చారు. ఆడిట్‌కి వచ్చినాయన ఆ క్లాజు దగ్గర ఆగి, "మీ సీనియర్లు రిటైరైపోతే వాళ్లకు తెలిసిందంతా ఎక్కడుంటుంది?" అన్నాడు. మా మేనేజర్ నా వైపు చూశాడు. అంతే.

ముందు సాఫ్ట్‌వేర్ సంగతి. డోకువికీని జర్మనీకి చెందిన ఆండ్రియాస్ గోర్ 2004లో మొదలుపెట్టాడు. పైసా ఖర్చు లేదు. వెబ్ పేజీలు నడిపే పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష మెషీన్‌లో ఉంటే చాలు, డేటాబేస్ అక్కర్లేదు. ప్రతి పేజీ ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. ఐటీ డిపార్ట్‌మెంట్ కాళ్లు పట్టుకునే పని లేని మాలాంటి సెక్షన్‌కి ఇదే పెద్ద వరం. 2019లో హార్డ్ డిస్క్ పోయింది. శనివారం శనివారం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్న ఫోల్డర్‌ని ఇంకో మెషీన్‌లో పెడితే మధ్యాహ్నం భోజనాల లోపల మళ్లీ లేచి కూర్చుంది. పేజీలో ఎవరు, ఎప్పుడు, ఏ లైను మార్చారో తెలిసేలా పాత కాపీలన్నీ ఉంటాయి. ఒకరు రాస్తుండగా ఇంకొకరు వేలు పెట్టకుండా పేజీకి పదిహేను నిమిషాలు తాళం పడుతుంది.

తెలుగులో రాసేవాళ్లు ఒక ఇబ్బంది ముందే తెలుసుకోవాలి. పేజీ పేరు తెలుగులో పెడితే, ఫైలు పేరు దగ్గర ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు తొమ్మిదేసి ఇంగ్లిష్ క్యారెక్టర్లుగా మారుతుంది. లైనక్స్‌లో ఫైలు పేరు 255 క్యారెక్టర్లు దాటకూడదు. అంటే ఒత్తులూ గుణింతాలూ కలిపి పాతికకు కాస్త అటూ ఇటూ వచ్చేసరికి పేరు నిండిపోతుంది. "బాయిలర్ ఫీడ్ వాటర్ పంపు సీల్ మార్చే విధానం" అని నేను ఎంతో ముచ్చటపడి పెట్టిన పేజీ సేవ్ కాలేదు. కారణం దొరకడానికి రెండు రోజులు పట్టింది. సెట్టింగ్స్‌లో ఫైలు పేర్లు రాసే పద్ధతి (ఎన్‌కోడింగ్) మార్చుకోవచ్చు. మేం మాత్రం పేజీ పేరుగా మెషీన్ ట్యాగ్ నంబరే పెట్టి, లోపల హెడింగ్ తెలుగులో రాసి, లింకుల్లో ఆ హెడింగే కనిపించేలా ఆప్షన్ ఆన్ చేసుకున్నాం. రెండోది ఫొటోలు. పీహెచ్‌పీ మొదట్లో 2 ఎంబీ దాటిన ఫైలును తీసుకోదు, ఇప్పటి ఫోన్ ఫొటో ఒక్కటే అంతకు మించి ఉంటుంది. ఆ హద్దు పెంచకుండా ఫిట్టర్ల చేతికిస్తే మొదటి రోజే వాళ్లకు విరక్తి పుడుతుంది.

టేబుల్స్ గీయడానికి నిలువు గీతలు కొట్టుకుంటూ కూర్చోవాలి. అది నాకూ నచ్చదు.

ఇదంతా చిన్న తలనొప్పి. అసలు తలనొప్పి ఏడాది తర్వాత తెలిసింది. పేజీలు నూట నలభై అయ్యాయి, అందులో నూట ఇరవైకి పైగా నావే! నాకు తెలిసింది ఎంత? మాన్యువల్‌లో ఉన్నదే. తెలిసినవాళ్లు ఒక్క అక్షరం రాయలేదు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసున్న మా సీనియర్ ఫిట్టర్‌ని కంప్యూటర్ ముందు కూర్చోబెడితే మౌస్ పట్టుకుని నవ్వాడు. "అంతా రాసిచ్చేస్తే ఇంక నన్నెందుకు ఉంచుకుంటరు సార్?" అన్నాడు. జోక్‌గానే అన్నాడు గానీ పక్కనున్న కాంట్రాక్టు కుర్రాళ్లు ఎవరూ నవ్వలేదు. నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆ భయం ఉత్త భయం కాదు.

అప్పుడు చేసింది ఒక్కటే. కొత్తగా వచ్చిన డిప్లొమా ట్రైనీలకు డ్యూటీ వేశాం: పని అయ్యాక టీ దగ్గర కూర్చుని, ఫిట్టర్ చెప్పింది చెప్పినట్టు ఆయన మాటల్లోనే రాయాలి. పేజీ పైన "చెప్పినవారు" అని ఆయన పేరు, కింద "రాసినవారు" అని ట్రైనీ పేరు. దీనికి దారి చూపింది జెరాక్స్ కథ. 1990లలో ఆ కంపెనీ ఫొటోకాపీ మెషీన్లు రిపేరు చేసే టెక్నీషియన్ల కోసం యురేకా అని ఒక వ్యవస్థ పెట్టింది. వాళ్లు కనిపెట్టిన చిట్కాలను తోటి టెక్నీషియన్లే పరీక్షించి, రాసినవాడి పేరుతోనే అందరికీ పంపేవారు. పేరు పడటం చిన్న విషయం కాదని మా దగ్గర కళ్లారా చూశాను. మా సీనియర్ ఫిట్టర్ తన పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకుని కోడలికి పంపించుకున్నాడు. తర్వాత వారం ఆయనే ట్రైనీని పిలిచి, "మొన్న ఒకటి మర్చిపోయిన, రాసుకో" అన్నాడు.

అలా వచ్చిన పేజీల్లో ఒకటి బాయిలర్ ఐడీ ఫ్యాన్‌ది, అంటే బాయిలర్ పొగను బయటికి లాగే ఫ్యాన్‌ది. ఒక రాత్రి షిఫ్టులో, రెండు గంటలప్పుడు, ఫ్యాన్ ఆపిన ప్రతిసారీ డ్రైవ్ (మోటారు వేగాన్ని అదుపు చేసే పెట్టె) ఓవర్ వోల్టేజ్ చూపించి ట్రిప్ అవుతోంది. వెనకటికైతే ఎలక్ట్రీషియన్‌ని ఇంటి నుంచి లేపుకు రావాలి, లేదా డ్రైవే పోయిందనుకుని విప్పేయాలి. షిఫ్టులో ఉన్న కుర్రాడు పేజీ తెరిచాడు. అందులో ఇలా ఉంది: "ఫ్యాన్ బరువుది. ఆగమన్నంత మాత్రాన ఆగదు. అది తిరుగుతుంటే మోటారు జనరేటరై కరెంటును డ్రైవ్‌లోకి ఎదురు తోస్తది. డ్రైవ్ కొత్తది పెట్టినప్పుడు ఆగే టైము పది సెకండ్లే ఉంటది, అరవై చెయ్యి." ముందు వారమే డ్రైవ్ మార్చారు. టైము చూస్తే పదే ఉంది. కుర్రాడు మార్చాడు, ఇరవై నిమిషాల్లో అయిపోయింది. మాన్యువల్‌లోనూ ఈ సంగతి ఉంటుంది, కాకపోతే మూడు వందల పేజీల మధ్యన ఉంటుంది.

అదే వికీ మమ్మల్ని ముంచింది కూడా. ఒక కూలింగ్ టవర్ పంపు మోటారు పేజీలో "లిథియం గ్రీజు" అని ఉండేది. 2021లో ఆ మోటారు పోతే కొత్తది వచ్చింది. దాని బేరింగుల్లో పాలీయూరియా గ్రీజు నింపి పంపారు. పేజీని ఎవరూ ముట్టుకోలేదు. ట్రైనీ పేజీ చూసుకుని బుద్ధిగా లిథియం కొట్టాడు. ఆ రెండూ చాలాసార్లు పొసగవు, కలిస్తే పల్చబడి కారిపోతాయి. మూడు నెలలకు బేరింగ్ కీచుమంది. ట్రైనీ తప్పు ఏమీ లేదు, నోటిమాటైతే వాడు ఇంకొకర్ని అడిగేవాడు. రాసి ఉంది కాబట్టి నమ్మాడు. ఆ రోజు నుంచి ప్రతి పేజీ మీద చివరిసారి మెషీన్ దగ్గర నిలబడి సరిచూసిన తేదీ ఉండాలి. ఏడాది దాటితే పైన ఎర్ర పట్టీ వేస్తాం. నిజం చెప్పాలంటే ఇవాళ మూడో వంతు పేజీల మీద ఎర్ర పట్టీ ఉంది. సాఫ్ట్‌వేర్‌కి ఐదుకు నాలుగు వేస్తాను, మాకు మేం వేసుకోవాల్సింది రెండున్నర.

ఫార్మా వాళ్లకు ఒక మాట. ఎస్‌వోపీలు (పని ఎలా చేయాలో ఆమోదించిన విధాన పత్రాలు) వికీలో పెట్టకండి. మా క్యూఏ (నాణ్యత చూసే విభాగం) వాళ్లు ఒకసారి వచ్చి పెద్ద గొడవే చేశారు, వాళ్లదే న్యాయం. సంతకం, వెర్షన్ నంబరు, ఆమోదం ఉన్న కాగితం వేరు, ఎవరైనా దిద్దగలిగే పేజీ వేరు. ఏం చేయాలన్నది ఎస్‌వోపీలో ఉంటుంది. అలా ఎందుకు చేస్తామో, చేయకపోతే ఏ చప్పుడు వస్తుందో మా పేజీల్లో ఉంటుంది.

చప్పుడంటే గుర్తొచ్చింది. మా సీనియర్ ఫిట్టర్ పొడుగు స్క్రూడ్రైవర్ మొనను బేరింగ్ హౌసింగ్‌కి ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. "ఇది ఇంకో నెల", "ఇది ఈ వారమే" అని చెప్పేవాడు. చాలావరకు అలాగే అయ్యేది. దాని మీద పేజీ పెట్టాలని నేను చాలా తంటాలు పడ్డాను. ఫోన్లో రికార్డు చేశాం, మోటారు హోరు తప్ప ఏమీ వినపడలేదు. మాటల్లో చెప్పమంటే "గరగర వేరే, గుర్రుమనుడు వేరే" అన్నాడు. ఆ పేజీలో ఇప్పటికీ మూడే లైన్లున్నాయి. మూడోది ఆయనే చెప్పి రాయించాడు: "రాస్తే రాదు. మోగినప్పుడు పిలువుర్రి, వినిపిస్త."

2022లో ఆయన రిటైరయ్యాడు. రిటైరయ్యే ముందు ఆరు నెలలు ఇద్దరు కుర్రాళ్లను వికీ పని ఆపించి ఆయన వెనక తిప్పాను. వాళ్లలో ఒకడికి చెవి వచ్చింది, ఇంకొకడికి రాలేదు, వాడు మెషీన్ అదురును కొలిచే వైబ్రేషన్ పెన్నుతోనే పని కానిస్తున్నాడు.

మొన్న వికీలో "ఇటీవలి మార్పులు" తెరిస్తే, ఆయన పేరున్న చిల్లర్ పేజీలో ఆ ఇద్దరు కుర్రాళ్లలో ఒకడు ఒక దిద్దుబాటు చేశాడు. డ్రెయిన్ వాల్వ్ ఎడమకు తిప్పాలని ఉన్నచోట కుడికి అని మార్చి, పక్కన రాశాడు: "వాల్వ్ మార్చినం. అన్నకు ఫోన్ చేసి చెప్పిన."