డిప్రెషన్ జన్యు పరిశోధనలో మిశ్రమ వంశస్థులు: ‘ట్రాక్టర్’ సాఫ్ట్‌వేర్ రివ్యూ

ఆఫ్రికన్ అమెరికన్ల డీఎన్ఏలో సగటున 80 శాతం దాకా ఆఫ్రికాది, మిగతాది ఎక్కువగా యూరప్‌ది. లెక్క చెడుతుందన్న కారణంతో డిప్రెషన్ జన్యు అధ్యయనాలు చాలాకాలం ఇలాంటివాళ్లను పక్కన పెట్టాయి. 2021లో ‘నేచర్ జెనెటిక్స్’లో వచ్చిన ట్రాక్టర్‌తో ఆ సాకు చాలావరకు పోయింది. ఇది ఉచితం.

మామూలుగా వాడే ప్రిన్సిపల్ కాంపొనెంట్లు (జీనోమంతటి తేడాలను కుదించి తీసిన అంకెలు) మనిషి మొత్తం వంశ నిష్పత్తిని సరిచేస్తాయి గానీ, క్రోమోజోమ్‌లో ఫలానా ముక్క ఎక్కడిదో చెప్పవు. ట్రాక్టర్ పని అక్కడే. ముందు షేపిట్ అనే ప్రోగ్రామ్‌తో ఫేజింగ్ (జంట క్రోమోజోముల్లో ఏ వేరియంట్, అంటే ఏ డీఎన్ఏ తేడా, దేని మీదుందో విడదీయడం), తర్వాత ఆర్‌ఎఫ్‌మిక్స్ అనే ప్రోగ్రామ్‌తో ఏ ముక్క ఏ వంశానిదో గుర్తింపు. ఆర్‌ఎఫ్‌మిక్స్‌కిచ్చే రెండు వీసీఎఫ్‌లూ (వేరియంట్ల ఫైళ్లు: అధ్యయనంలోని వాళ్లది ఒకటి, పోల్చే రిఫరెన్స్ నమూనాలది ఒకటి), జెనెటిక్ మ్యాపూ (క్రోమోజోమ్ మీద జన్యు దూరాల పట్టిక) ఒకే జీనోమ్ బిల్డ్‌వి (డీఎన్ఏ స్థానాల నంబర్ల వెర్షన్) కావాలి. మ్యాప్ వేరే బిల్డ్‌దైతే పని నడిచిపోవచ్చు, సరిహద్దులు మాత్రం తప్పుతాయి. ఆపై ట్రాక్టర్ ఒక్కో వంశానికి రెండు ఫైళ్లు ఇస్తుంది: ఆ చోట జంట క్రోమోజోముల్లో ఆ వంశపు ముక్కలు (హ్యాప్లోటైపులు) 0, 1, 2లో ఎన్ని, వాటి మీద రిస్క్ అలీల్ (పరీక్షించే వేరియంట్ రూపం) కాపీలు ఎన్ని. వీటిని వయసు, లింగంతో కలిపి లాజిస్టిక్ రిగ్రెషన్‌లో (జబ్బు ఉందా లేదా అన్నదాన్ని అంచనా కట్టే లెక్క) పెడితే, అలీల్ ప్రభావం ఆఫ్రికన్ ముక్క మీద ఎంతో, యూరోపియన్ ముక్క మీద ఎంతో విడివిడిగా వస్తుంది. మాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఎక్కువగా దెబ్బతినేది రిఫరెన్స్ నమూనాల ఎంపిక దగ్గర. ఆఫ్రికన్-యూరోపియన్ మిశ్రమానికి ప్రపంచ జనాభాల డీఎన్ఏ ఉన్న 1000 జీనోమ్స్ ప్రాజెక్టులోని యోరుబా (నైజీరియా), యూటా (అమెరికాలోని యూరోపియన్ సంతతి) నమూనాలు బాగానే సరిపోతాయి. లాటిన్ అమెరికన్లకు చిక్కే: పెరూలోని లిమా నమూనాలోనూ మిశ్రమం ఉంది, అందులో స్థానిక అమెరికన్ వాటా బాగా ఎక్కువున్నవాళ్లనే ఏరుకోవాలి. ఫేజింగ్ తప్పులు పొడవాటి ముక్కల్ని తెంచేస్తాయి కాబట్టి వాటిని తిరిగి అతికించే ఐచ్ఛిక దశను వదలొద్దు.

ప్రభావం రెండు వంశాల్లోనూ ఒకటే అయితే ట్రాక్టర్ మామూలు జీవాస్ (జీనోమంతా వేరియంట్లను జబ్బుతో పోల్చే అధ్యయనం) కన్నా బలహీనం; ఒక్క ప్రభావానికి బదులు రెండు లెక్కగట్టాలి కాబట్టి పరీక్షలో ఒక డిగ్రీ ఆఫ్ ఫ్రీడమ్ అదనంగా ఖర్చవుతుంది. కేసులు (డిప్రెషన్ ఉన్నవాళ్లు) వందల్లోనే ఉంటే అరుదైన వేరియంట్ల ఫలితాలను నమ్మకండి. ట్రాక్టర్, మామూలు జీవాస్ రెండూ నడిపి పోల్చండి. ‘ఎప్పుడైనా దిగులుగా ఉన్నారా’ అన్న ఒక్క ప్రశ్నతో కేసులు తేలిస్తే మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ కాపాడలేదు.

మనవాళ్ల సంగతి వేరు. 1000 జీనోమ్స్‌లో బ్రిటన్ తెలుగువాళ్ల నమూనా ఉంది. దక్షిణాసియా వంశాల కలయిక సుమారు 1,900 నుంచి 4,200 ఏళ్ల కిందటిది కావడంతో ముక్కలు చాలా చిన్నవైపోయాయి, వాటిని ఆర్‌ఎఫ్‌మిక్స్ నమ్మకంగా విడదీయలేదు. తెలుగు డేటాకు ట్రాక్టర్ వద్దు, మామూలు మిక్స్‌డ్ మోడల్ (మనుషుల మధ్య బంధుత్వాన్నీ లెక్కలోకి తీసుకునే జీవాస్ పద్ధతి) వాడండి.