ఎండీనా, సీఈఓనా, ఉత్త డైరెక్టరా? కార్డు మీద ఏది మేలు

కంపెనీ రిజిస్ట్రేషన్ అయి సర్టిఫికెట్ చేతికి రాగానే చాలామంది మా ఆఫీసుకు ఫోన్ చేసి అడిగేది ఒకటే. "ఆడిటర్ గారూ, కార్డు మీద ఎండీ అని వేయించుకోమంటారా, సీఈఓ అనా?" అడిగేవాళ్లు హోదా చూస్తారు. నేను మాత్రం, రేపు కంపెనీ చెక్కు బౌన్స్ అయితే నోటీసు ఎవరెవరికి వస్తుంది, అందులోంచి బయటపడటం ఎవరికి సులువు, అని చూస్తాను.

ముందు ప్రొప్రైటర్ల సంగతి. మన ఊళ్లలో ఎండీ కార్డు పెట్టుకు తిరిగేవాళ్లలో బోలెడుమంది నిజానికి ప్రొప్రైటర్లే. జీఎస్టీ సర్టిఫికెట్ షాపులో అందరికీ కనబడేలా పెట్టాలని రూలు ఉంది కదా, అందులో 'కాన్‌స్టిట్యూషన్ ఆఫ్ బిజినెస్' అన్న చోట ప్రొప్రైటర్‌షిప్ అని అచ్చై ఉంటుంది. గోడ మీద అది, చేతిలో ఎండీ కార్డు. ఎదుటివాడు చదువుకోలేడా? పైగా ప్రొప్రైటర్‌షిప్‌లో వ్యాపారం అప్పు వేరు, యజమాని అప్పు వేరు అని ఉండదు. హోదా మార్చినా బాధ్యత రూపాయి తగ్గదు. ప్రొప్రైటర్ అనే వేసుకోండి, నామోషీ ఏం లేదు.

ప్రైవేట్ లిమిటెడ్ వాళ్లకే అసలు తకరారు. ఎండీ అన్నది ఎవరికి వాళ్లు తగిలించుకునే బిరుదు కాదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఎండీ ముందు డైరెక్టరై ఉండాలి. ఆపైన ఆర్టికల్స్ (కంపెనీ నియమావళి)తోనో, బోర్డు తీర్మానంతోనో, కంపెనీతో ఒప్పందంతోనో నిర్వహణ అధికారాల్లో ముఖ్యమైనవి ఆయనకు అప్పగించి ఉండాలి. ఒక విడతకు ఐదేళ్లకు మించి నియమించకూడదు. లిస్టెడ్ కంపెనీలు, పెయిడప్ క్యాపిటల్ (వాటాదారులు కట్టిన మూలధనం) 10 కోట్లు, ఆపైన ఉన్న పబ్లిక్ కంపెనీలు ఎండీనో, సీఈఓనో, మేనేజర్‌నో తప్పనిసరిగా పెట్టుకోవాలి. లక్ష రూపాయల క్యాపిటల్‌తో ఇద్దరు కలిసి పెట్టుకున్న ప్రైవేట్ కంపెనీకి ఆ నిర్బంధం లేదు.

ఇక చెక్కు. కంపెనీ చెక్కు బౌన్స్ అయితే సంతకం పెట్టినవాళ్లు ఎలాగూ ఇరుక్కుంటారు. రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా పడొచ్చు. సంతకం పెట్టని మిగతావాళ్ల మాటేంటి? నేరం జరిగిన సమయానికి కంపెనీ వ్యాపారం నడిపిస్తూ దానికి బాధ్యులుగా ఉన్నవాళ్లంతా నేరస్థులేనని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 141వ సెక్షన్ చెబుతుంది. దీని మీద 2005లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఎస్ఎంఎస్ ఫార్మాస్యూటికల్స్ తీర్పు ఇప్పటికీ ప్రతి లాయరూ ఎత్తే తీర్పే. ఉత్త డైరెక్టర్ అయినంత మాత్రాన బాధ్యుడు కాడు, అతను వ్యాపారం నడిపిస్తున్నాడని ఫిర్యాదులో రాయాల్సిందే అంది. మేనేజింగ్ డైరెక్టర్, జాయింట్ మేనేజింగ్ డైరెక్టర్ అయితే ఆ హోదా వల్లే బాధ్యులని కూడా అదే తీర్పు చెప్పింది.

ఆ 'జాయింట్' అన్న మాట దగ్గర కాస్త ఆగండి. మన కంపెనీలు సగం ఇంటి మనుషులతో పెట్టేవే. అన్న ఎండీ అయితే తమ్ముడు చిన్నబుచ్చుకుంటాడని జాయింట్ ఎండీ అంటారు. ఆటోనగర్‌లో ఇద్దరు తోడల్లుళ్లు ఇలాగే చేశారు. చెక్కుల మీద పెద్దాయన సంతకమే, చిన్నాయన గోడౌన్ చూసుకునేవాడు. చెక్కు వెనక్కొచ్చాక వచ్చిన నోటీసులో ఇద్దరి పేర్లూ ఉన్నాయి, చిన్నాయన పేరు పక్కన జాయింట్ మేనేజింగ్ డైరెక్టర్ అని. కంపెనీ రికార్డుల్లో ఆయన డైరెక్టర్ మాత్రమే. మరి అవతలివాళ్లకు ఆ హోదా ఎక్కడ దొరికిందయ్యా అంటే, ఆయన చేతులారా పంచిన విజిటింగ్ కార్డులో. నాకు ఎండీ హోదా లేదని రుజువు చేసుకునే పని ఆయన నెత్తిన పడింది.

అలాగని ఎండీ పదవి ఉత్త గుదిబండేం కాదు. కంపెనీల చట్టం కింద వేయాల్సిన ఫైలింగులు వేయకపోతే 'ఆఫీసర్ ఇన్ డిఫాల్ట్', అంటే ఆ తప్పుకు జవాబుదారీ అయిన అధికారి, ఎవరన్న ప్రశ్న వస్తుంది. ఎండీ ఉంటే ముందు ఆయన మీదికి వెళ్తుంది. ఎండీ, సీఈఓ లాంటి వాళ్లెవరూ లేక, బోర్డు కూడా ఫలానా డైరెక్టర్ అని చెప్పకపోతే డైరెక్టర్లందరూ ఆ తప్పుకు జవాబుదారీలే. పని నిజంగా ఒక్కరే చూస్తూ, రెండోవాళ్లు పెట్టుబడి పెట్టి ఊరుకున్న చోట ఒకరిని పద్ధతిగా ఎండీని చేయడమే మిగతావాళ్లకు క్షేమం. అప్పుడు బోర్డు తీర్మానం చేసి, 30 రోజుల్లో డీఐఆర్-12 (డైరెక్టర్ల నియామకాలు, మార్పులు తెలిపే ఫారం) ఫైల్ చేసి, ఆ తర్వాత కార్డు కొట్టించుకోండి.

సీఈఓ ఈ మధ్య ఫ్యాషన్. చట్టంలో దీని నిర్వచనం చాలా చిన్నది: కంపెనీ అలా నియమించుకున్న అధికారి, అంతే. డైరెక్టర్ కానక్కర్లేదు, జీతానికి పెట్టుకున్న మనిషైనా సరే. బయటి ఇన్వెస్టర్లతో మాట్లాడే స్టార్టప్‌లకు ఇది నప్పుతుంది. బాధ్యత తప్పుతుందని మాత్రం అనుకోవద్దు, ఎండీతో పాటే సీఈఓ కూడా కీ మేనేజీరియల్ పర్సనల్ (చట్టం కంపెనీలో కీలక నిర్వాహకులుగా గుర్తించేవాళ్లు) లెక్కలోకి వస్తాడు. ముగ్గురున్న ఆఫీసులో సీఈఓ, సీఓఓ, సీటీఓ అయితే టీ తెచ్చేదెవరని నేను అడుగుతుంటాను, వాళ్లకు నచ్చదు.

నన్నడిగితే ఇద్దరు ముగ్గురు కలిసి పెట్టుకున్న ప్రైవేట్ లిమిటెడ్‌లో అందరికీ డైరెక్టర్ అన్నదే మేలు. రికార్డులో ఉన్నదీ కార్డు మీద ఉన్నదీ ఒకటే అవుతుంది. బ్యాంకు మేనేజరుకూ అర్థమవుతుంది.

మిగతావి పెద్దగా తేల్చుకోవాల్సినవి కావు. భాగస్వామ్య సంస్థలో డీడ్‌లో రాసుకుంటే మేనేజింగ్ పార్ట్‌నర్ అనుకోవచ్చు, అప్పుల విషయంలో మాత్రం స్లీపింగ్ పార్ట్‌నర్ కూడా ఆయనతో సమానమే. ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం)లో డైరెక్టర్లు ఉండరు, డిజిగ్నేటెడ్ పార్ట్‌నర్ అనాలి. సొసైటీ పేరున స్కూలు నడిపేవాళ్లకు సెక్రటరీ, కరస్పాండెంట్ ఎప్పటినుంచో ఉన్నవే.

కార్డుతో పాటు లెటర్‌హెడ్ కూడా కొట్టిస్తుంటే దాని మీద కంపెనీ పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రసు, సీఐఎన్ (కంపెనీ గుర్తింపు నంబరు), ఫోన్ నంబరు, ఈమెయిల్ ఉన్నాయో లేదో చూసుకోండి. ఇన్వాయిస్‌లకూ ఇదే రూలు.