పుట్టిన గడ్డా, కన్నవాళ్ళ కాగితాలా: ఏది మేలు?

2025 జనవరి 21 పొద్దున తొమ్మిదింటికి డాలస్ నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. ఎనిమిదో నెల. "అక్కా, ఫిబ్రవరి 19 దాటాక పుట్టే పిల్లలకి పౌరసత్వం రాదంట. ముందే ఆపరేషన్ చేయించుకోమని గ్రూపులో అందరూ అంటున్నారు. ఏం చెయ్యమంటావ్?" అంది. వాళ్ళిద్దరూ తొమ్మిదేళ్ళుగా హెచ్-1బీ మీద అక్కడ ఉన్నారు. గ్రీన్‌కార్డు వరుస ఎప్పటికి కదులుతుందో తెలియదు. ట్రంప్ ఆ రాత్రే సంతకం పెట్టిన ఉత్తర్వులో రెండు రకాల తల్లుల ప్రస్తావన ఉంది. కాగితాలు లేకుండా ఉన్నవాళ్ళు ఒకరు. వీసా ఉన్నా తాత్కాలికంగా ఉన్నవాళ్ళు ఇంకొకరు. తండ్రి పౌరుడో, గ్రీన్‌కార్డుదారుడో కాకపోతే ఈ ఇద్దరి బిడ్డల్నీ అమెరికా తన పిల్లలుగా ఒప్పుకోదని దాని సారాంశం.

డాక్టరు ఆపరేషన్‌కి ససేమిరా అంది. మూడో రోజుకల్లా సియాటిల్‌లో ఒక జడ్జి ఉత్తర్వును ఆపారు. ఆ తర్వాత కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. బిడ్డ మార్చిలో నెలలు నిండాకే పుట్టింది. ఆసుపత్రిలో నింపించుకున్న ఫారంలో తల్లి ఎక్కడ పుట్టిందని అడిగారు, తండ్రి ఎక్కడ పుట్టాడని అడిగారు. ఏ వీసా మీద ఉన్నారని మాత్రం ఎక్కడా అడగలేదు. పౌరసత్వానికి ఆ జనన ధ్రువపత్రం ఒక్కటీ చాలు.

ఆ రోజుల్లో అక్కడి మనవాళ్ళ మాటల్లో నాకు బాగా గుచ్చుకున్నది ఒకటుంది. "ఇల్లీగల్స్‌తో మమ్మల్ని ఎందుకు కలిపారు? మేం పన్నులు కడుతున్నాం, వరుసలో నిలబడ్డాం. వాళ్ళ పిల్లలకి తీసెయ్యండి, మా పిల్లలకి ఉంచండి." ఈ కోపం నాకు అర్థమవుతుంది. కానీ కాగితాలు లేని వాళ్ళ బిడ్డకి పౌరసత్వం ఇవ్వాలా వద్దా అని విడిగా తూచి చూస్తే, ఇవ్వాలనే చెబుతాను. ఎందుకో చెప్పాలంటే లోకంలో నడుస్తున్న మూడు పద్ధతుల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటిది అమెరికా, కెనడాలది: ఆ నేల మీద పుడితే చాలు. అమెరికాలో ఇది ఔదార్యం కొద్దీ పెట్టింది కాదు. నల్లజాతి వాళ్ళు ఎన్ని తరాలుగా అక్కడే పుట్టి పెరిగినా పౌరులు కాలేరని 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అంతర్యుద్ధం తర్వాత, 1868లో, 14వ సవరణ ఆ తీర్పును తుడిచేసింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకి పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ చైనా వెళ్ళి తిరిగొచ్చినప్పుడు ఓడ దిగనివ్వకపోతే, అతను పోరాడి 1898లో గెలిచాడు. అప్పటి చట్టం ప్రకారం అతని తల్లిదండ్రులకి పౌరసత్వం వచ్చే దారే లేదు, అయినా కొడుకు పౌరుడే అంది కోర్టు. వాళ్ళు అక్కడ చట్టబద్ధంగా స్థిరపడినవాళ్ళు కాబట్టి ఆ తీర్పు కాగితాలు లేని వాళ్ళకి వర్తించదని ఎదుటి పక్షం వాదన. తీసిపారేయాల్సిన వాదనేం కాదు. కానీ సవరణలో ఉన్న మాట "పుట్టిన వ్యక్తులందరూ" అనే. అప్పుడు మినహాయింపులుగా చూసింది రాయబారుల పిల్లల్నీ, ఆక్రమించిన శత్రుసేనల పిల్లల్నీ, తెగల్లో పుట్టిన ఆదివాసుల్నీ. ఆ ఆదివాసులకి కూడా 1924లో పౌరసత్వం ఇచ్చారు.

బిడ్డని అడ్డం పెట్టుకుని తల్లిదండ్రులు పాతుకుపోతారనే మాట తరచూ వింటాం. బిడ్డకి 21 ఏళ్ళు నిండితే గానీ తల్లిదండ్రుల కోసం దరఖాస్తు పెట్టలేరు. దొంగచాటుగా సరిహద్దు దాటి వచ్చినవాళ్ళయితే, సాధారణంగా దేశం బయటికి వెళ్ళి పదేళ్ళు ఆగితే గానీ దారి తెరుచుకోదు. అంటే ముప్ఫై ఏళ్ళ మాట. ఇక మన వరుస సంగతి. గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం అని పరిమితి ఉంది. మనవాళ్ళని ఏళ్ళ తరబడి ఆపుతున్నది అదే. మెక్సికో తల్లికి పుట్టిన బిడ్డ దగ్గర పౌరసత్వం లాక్కున్నంత మాత్రాన ఈ వరుస ఒక్క అడుగు కూడా ముందుకి జరగదు.

రెండో పద్ధతి మనది: కన్నవాళ్ళు ఎవరో చూసి బిడ్డ ఎవరో తేల్చడం. మొదట మనదీ అమెరికా దారే. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 దాకా ఇక్కడ పుట్టినవాళ్ళంతా, తల్లిదండ్రులు ఎవరైనా సరే, భారతీయులే. 1987 జులై 1 నుంచి ఇద్దరిలో ఒకరు భారతీయులై ఉండాలన్నారు. 2004 డిసెంబర్ 3 నుంచి ఇంకా బిగించి, ఇద్దరూ భారతీయులు కావాలి, లేదా ఒకరు భారతీయులై రెండోవారు అక్రమ వలసదారు కాకూడదు అన్నారు. దీని వెనక బంగ్లాదేశ్ వైపు నుంచి వచ్చే వలసల మీద జరిగిన అస్సాం ఆందోళన ఉంది, దాన్ని ముగించిన 1985 ఒప్పందం ఉంది. తమ భాష, తమ భూమి చేతిలోంచి జారిపోతాయన్న అక్కడివాళ్ళ భయాన్ని నేను చిన్నచూపు చూడను. సొంత భాష కోసం రాష్ట్రం సాధించుకున్నవాళ్ళం, ఆ భయం మనకి తెలియంది కాదు.

కానీ ఈ పద్ధతి పుట్టిన తేదీని తలరాతగా మార్చేసింది. తమిళనాడులో మండపం శరణార్థి శిబిరంలో 1986లో శ్రీలంక తమిళ దంపతులకి ఒక ఆడపిల్ల పుట్టింది. 1987 జులైకి ముందు పుట్టింది కాబట్టి ఆమె భారతీయురాలే అని 2022లో మద్రాసు హైకోర్టు పాస్‌పోర్టు ఇప్పించింది. 2024 ఎన్నికల్లో ఆమె తిరుచ్చిలో ఓటు వేసింది. అదే శిబిరంలో, అదే తల్లికి, రెండేళ్ళ తర్వాత ఒక చెల్లెలు పుట్టి ఉంటే? ఆ చెల్లెలు విదేశీయురాలు. తిన్న అన్నం ఒకటే, చదివిన బడి ఒకటే.

ఈ పద్ధతిలో అసలు ఇబ్బంది ఇంకొకటి ఉంది. దీని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. తల్లిదండ్రుల కాగితాలు అడగడం మొదలయ్యాక, ఆ భారం అక్రమంగా వచ్చినవాళ్ళ దగ్గరే ఆగదు, అందరి నెత్తినా పడుతుంది. నా జనన ధ్రువపత్రం చాలనప్పుడు మా అమ్మ కాగితం కావాలి. అమ్మది తేలాలంటే అమ్మమ్మది కావాలి. అస్సాంలో పౌరుల జాబితా (ఎన్‌ఆర్‌సీ) తయారుచేసినప్పుడు జరిగింది ఇదే. 1971 మార్చి 24 అర్ధరాత్రికి ముందు తమ పూర్వీకులు అక్కడ ఉన్నట్టు ఒక కాగితం, ఆ పూర్వీకులకీ తమకీ ఉన్న చుట్టరికానికి ఇంకో కాగితం చూపించాలి. చిన్నప్పుడే పెళ్ళయి, బడి మొహం చూడక, వేరే ఊరికి కాపురానికి వెళ్ళిన ఆడవాళ్ళు ఆ రెండో కాగితం దగ్గరే ఆగిపోయారు. పంచాయతీ కార్యదర్శి సంతకం పెట్టిన ముక్క తప్ప తండ్రి పేరు చూపించేది వాళ్ళ దగ్గర ఏముంటుంది? 2019 ఆగస్టు 31న వచ్చిన జాబితాలో చోటు దక్కనివాళ్ళు 19,06,657 మంది. మా అమ్మమ్మ పుట్టింది ఎప్పుడని అడిగితే "గోదారి పెద్ద వరదొచ్చిన ఏడు" అనేది. ఆ ఒక్క మాట తప్ప ఆమె పుట్టుకకి ఇంకో సాక్ష్యం మా ఇంట్లో లేదు.

హైతీ పొరుగు దేశం డొమినికన్ రిపబ్లిక్‌లో ఇంకా ఘోరం జరిగింది. కాగితాలు లేని హైతీ వాళ్ళకి పుట్టినవాళ్ళు పౌరులు కారని 2013లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది. దాన్ని వెనక్కి 1929 దాకా వర్తింపజేసింది. తాతలయినవాళ్ళు ఒక్క తీర్పుతో ఏ దేశానికీ చెందకుండా పోయారు. మరుసటి ఏడు చట్టం తెచ్చి కొంత సరిదిద్దారు కానీ, అందరికీ న్యాయం జరగలేదు.

ఇక మూడోది మధ్యే మార్గం: ఇక్కడ పుట్టి, ఇక్కడే పెరగాలి. ఆస్ట్రేలియా 1986 ఆగస్టు 20 నుంచి పుట్టుకతో ఇవ్వడం మానేసింది. కానీ అక్కడ పుట్టిన బిడ్డ పదేళ్ళు అక్కడే పెరిగితే పదో పుట్టినరోజున దానంతట అదే పౌరసత్వం వస్తుంది, తల్లిదండ్రులకి కాగితాలు ఉన్నా లేకపోయినా. బ్రిటన్‌లోనూ 1983 నుంచి పదేళ్ళ హక్కు ఉంది. కాకపోతే అడిగి నమోదు చేయించుకోవాలి, 2025లో రుసుము వెయ్యి పౌండ్లకి పైనే ఉంది. కాగితాలు లేని తల్లి రెండు ఉద్యోగాలు చేస్తూ ఆ డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఫ్రాన్స్‌లో పుట్టి, పదకొండేళ్ళు నిండాక అయిదేళ్ళు అక్కడే ఉన్నవాళ్ళు పద్దెనిమిదో ఏట పౌరులవుతారు. ఐర్లండ్ మాత్రం 2004లో ప్రజాభిప్రాయం సేకరించి, 79 శాతం మద్దతుతో పుట్టుక హక్కును ఎత్తేసింది. 2018లో అక్కడే పుట్టిన ఒక తొమ్మిదేళ్ళ బడిపిల్లాణ్ణి చైనాకి పంపేస్తారని తెలిసి ఊరు ఊరంతా సంతకాలు చేసింది. పిల్లాడు మిగిలాడు. ఆ ఊళ్ళో కూడా 2004లో రద్దుకి ఓటేసినవాళ్ళు ఉండే ఉంటారు. ఓటేసినప్పుడు వాళ్ళకి కనిపించింది వలస. సంతకం చేసినప్పుడు కనిపించింది పక్కింటి పిల్లాడు.

తేల్చి చెప్పమంటే, అమెరికా పద్ధతిదే మొదటి స్థానం. కాన్పుకి వచ్చిన తల్లిని ఏ గుమాస్తా అనుమానంగా చూడక్కర్లేదు, పుట్టిన ఊరి కాగితం ఒక్కటి చూపిస్తే చాలు. కాగితాలు లేని తల్లో తండ్రో ఉన్న ఇళ్ళలో అమెరికాలో పుట్టిన పిల్లలు 40 లక్షలకి పైనే ఉన్నారు. ఈ హక్కు తీసేస్తే అనధికార జనాభా తగ్గదు, పుట్టుకతోనే పెరుగుతుంది. 2045 నాటికి మరో 27 లక్షలు పెరుగుతుందని మైగ్రేషన్ పాలసీ ఇన్‌స్టిట్యూట్, పెన్‌స్టేట్ పరిశోధకులు 2025లో లెక్క కట్టారు. తల్లిదండ్రులు చేసినదానికి పిల్లల్ని శిక్షించడం న్యాయం కాదని 1982లోనే, కాగితాలు లేని పిల్లల్ని బడిలో చేర్చుకోవడం గురించిన టెక్సాస్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు అంది. దాని మీద నేను కొత్తగా చేర్చేదేం లేదు.

మన దేశం మళ్ళీ 1987కి ముందు చట్టానికి వెళుతుందని నేను అనుకోను. అందుకే మనకైతే ఆస్ట్రేలియా దారి అడుగుతాను. పదేళ్ళ నిబంధన, రుసుము లేకుండా, దరఖాస్తు లేకుండా. సరిహద్దు కాపలా ఎంత గట్టిగా పెట్టుకున్నా దానికి ఇది అడ్డం రాదు.

హైదరాబాద్‌లో బాలాపూర్ వైపు వెళ్తే రోహింగ్యా కుటుంబాలు కనిపిస్తాయి. 2012 తర్వాత వచ్చినవాళ్ళు చాలామంది. అక్కడ పుట్టిన పిల్లల్లో పెద్దవాళ్ళకి పదేళ్ళు ఎప్పుడో దాటాయి. తల్లిదండ్రుల దేశం బర్మా వాళ్ళని తన పౌరులుగా ఒప్పుకోదు. పుట్టిన దేశం అక్రమ వలసదారులంటుంది. మన పిల్లలు బడి మారేటప్పుడు ఇచ్చే టీసీలో జాతీయత అని ఒక గడి ఉంటుంది. దాన్లో ఏం రాశారో మనం చూడను కూడా చూడం. ఈ పిల్లలకి ఆ గడిలో రాయడానికి ఒక్క దేశం పేరు కూడా లేదు.