వెనీర్లకు పన్ను అరగదీయించుకోవాలా, వద్దా: ఏది మేలు?

పై వరుస ముందు పళ్లకు వెనీర్లు, అంటే అందం కోసం పంటి ముందు వైపు వేసే పలచని పొరలు, వేయించుకుందామని వెళ్తే, మొదట చూపించుకున్న క్లినిక్‌లో “కొంచెం గీకుతాం, అంతే” అన్నారు. కొంచెం అంటే ఎంతండీ అని అడిగితే, బొటనవేలి గోరు చూపించి “ఇంత మందం” అన్నారు. అర మిల్లీమీటరు ఉంటుందేమో. వినడానికి ఎంతో అనిపించదు. ఇంటికొచ్చి చదివితే తెలిసింది, ముందు పంటికి చిగురు దగ్గర ఉండే ఎనామిల్ (పంటి పైనున్న గట్టి పొర) మొత్తం ఇంచుమించు అంతేనని! కొస వైపు వెళ్లేకొద్దీ అది మందమై మిల్లీమీటరు దాకా ఉంటుంది. చిగురు దగ్గర మాత్రం 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్లే. పోయిన ఎనామిల్ మళ్లీ రాదు. దాన్ని తయారుచేసే కణాలు పన్ను చిగురు చీల్చుకుని బయటికి వచ్చేసరికే పోతాయి.

ఆ టెన్షన్‌లో అపాయింట్‌మెంట్ మానేసి ఇంకో డాక్టర్ గారి దగ్గరికి వెళ్లాను. అప్పుడు చదివినవి, తర్వాత కుర్చీలో కూర్చుని చూసినవి ఇక్కడ రాస్తున్నాను. వెనీర్ అందం గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. పన్ను ఎంత పోతుంది, ఎంత జివ్వుమంటుంది అన్నది మాత్రం సరిగ్గా చెప్పేవాళ్లు తక్కువ.

ఎనామిల్‌ని గీకినా దానికి నొప్పి తెలియదు, అందులో నరం లేదు. దాని కింది పొర డెంటిన్. కంటికి కనబడని సన్నటి గొట్టాలు ఆ పొరలోంచి పంటి లోపలి నరం దిక్కుగా పోతాయి. చదరపు మిల్లీమీటరు చోటులోనే అవి వేలల్లో ఉంటాయి. వాటి నిండా ద్రవం. చల్లటి నీళ్లో, గాలో తగలగానే ఆ ద్రవం చప్పున కదులుతుంది, ఆ కదలికకే లోపల నరం ఉలిక్కిపడుతుంది. పళ్లు జివ్వుమన్నాయి అని మనం అనేది దీన్నే. స్వీడన్‌కి చెందిన దంత పరిశోధకుడు బ్రెన్‌స్ట్రోమ్ 1960లలో చేసిన ప్రయోగాలతో ఈ వివరణ స్థిరపడింది. కాబట్టి వెనీర్ ఏ రకమైనా నేను మొదట చూసేది ఒక్కటే: డెంటిన్ తెరుచుకుంటుందా, లేదా?

అతికే పట్టు కూడా ఇక్కడే తేలుతుంది. 1955లో బ్యూనోకోర్ అనే డాక్టర్ ఫాస్ఫారిక్ ఆమ్లంతో ఎనామిల్‌ని గరుకు చేస్తే రెసిన్ (జిగురులా అతికి గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పదార్థం) గట్టిగా పట్టుకుంటుందని చూపించాడు. ఈ రోజుకీ వెనీర్లు నిలబడేది ఆ పద్ధతి మీదే. డెంటిన్‌కి కూడా అతుకుతుంది గానీ, అది తేమగా ఉండే పొర, ఏళ్లు గడిచేకొద్దీ పట్టు సడలే అవకాశం ఎక్కువ. అంటే ఎనామిల్‌ని కాపాడుకుంటే జివ్వుమనడమూ తగ్గుతుంది, వెనీర్ ఊడే భయమూ తగ్గుతుంది.

కాంపోజిట్ వెనీర్

పంటి రంగు పదార్థాన్ని పొరలు పొరలుగా పన్ను మీదే పెట్టి, లైటుతో గట్టిపరిచి, పాలిష్ చేస్తారు. చాలాసార్లు పన్ను అరగదీయాల్సిన పనే ఉండదు, మత్తు ఇంజెక్షన్ అక్కర్లేదు, ఒకే సిట్టింగ్‌లో అయిపోతుంది. జివ్వుమనకుండా ఉండే విషయంలో దీనికి మించింది లేదు. మరి అందరూ ఇదే ఎందుకు వేయించుకోరంటే, మెరుపు తగ్గుతుంది, అంచులు మరకలు పడతాయి, చిన్న చిన్న పెచ్చులు లేస్తాయి. మామూలుగా ఐదు నుంచి ఏడేళ్లలో మళ్లీ చేయించుకోవాల్సి వస్తుంది. పెచ్చు లేచిన చోట మాత్రం అక్కడికక్కడే బాగుచేయవచ్చు, సిరామిక్ (పింగాణీ లాంటి పదార్థం) వెనీర్‌కి ఆ సౌకర్యం అంతగా లేదు. ఇరవై ఏళ్ల వాళ్లు అడిగితే నేను దీన్నే చెబుతాను. ఆ వయసులో పంటి లోపల నరం ఉండే గది పెద్దది, డెంటిన్ గొట్టాలు వెడల్పు. అరగదీస్తే బాధ వాళ్లకే ఎక్కువ.

అరగదీయకుండా వేసే సిరామిక్

పేరు వింటే దీన్ని మించింది లేదనిపిస్తుంది. 0.3 మిల్లీమీటర్ల పలచని సిరామిక్ రేకు, పన్ను పన్నులాగే ఉంటుంది, దాని మీద అతికిస్తారు. పళ్లు చిన్నవైతేనో, మధ్యలో సందులుంటేనో, లోపలికి వాలి ఉంటేనో ఇది నిజంగా మంచిది. పన్ను ఇప్పటికే ముందుకు ఉన్నవాళ్లకి అదే రేకు అతికిస్తే పన్ను ఉబ్బినట్టు కనిపిస్తుంది. దానికన్నా పెద్ద ఇబ్బంది చిగురు దగ్గర. అక్కడ రేకు అంచు చిన్న మెట్టులా నిలబడుతుంది, బ్రష్ సరిగా వెళ్లదు, పాచి చేరి చిగురు ఎర్రబడి రక్తం కారుతుంది. చిగురు వెనక్కి తగ్గితే వేరు బయటపడి, ఏ జివ్వుకి భయపడ్డామో అదే ఇంకో దారిలో వస్తుంది. పన్ను బాగా నల్లబడి ఉంటే అంత పలచని రేకు ఆ రంగుని కప్పలేదు కూడా.

ఇంకో మాట. “నచ్చకపోతే తీసేయొచ్చు, మీ పన్ను మీకు ఉంటుంది” అని చెబుతుంటారు. అంత తేలిక కాదు. గట్టిగా అతికిన సిరామిక్‌ని మామూలుగా డ్రిల్లుతో గీకే తీయాలి. రేకు ఎక్కడ ముగిసి పన్ను ఎక్కడ మొదలైందో గుర్తుపట్టడం కష్టం, ఎంతోకొంత ఎనామిల్ దాంతో పోతుంది. లేజర్‌తో వదిలించే పద్ధతి ఉంది, అన్నిచోట్లా ఉండదు.

కొద్దిగా అరగదీసి వేసే సిరామిక్

ఎక్కువమందికి వేసేది ఇదే. ముందు వైపు 0.3 నుంచి 0.7 మిల్లీమీటర్ల దాకా, కొస తగ్గించాల్సి వస్తే అక్కడ మిల్లీమీటరు, ఒకటిన్నర దాకా తీస్తారు. బాగా చేస్తే 10 ఏళ్లు దాటి నిలుస్తాయి. దీనిలో మంచీ చెడూ అంతా చేసే పద్ధతిలోనే ఉంది.

వయసుతోనో, పళ్లు కొరకడం వల్లనో ముందు పళ్ల మీద ఎనామిల్ ముందే కొంత అరిగి ఉంటుంది. అలాంటి పన్ను మీద ఉన్నచోటి నుంచి అర మిల్లీమీటరు తీస్తే నేరుగా డెంటిన్‌లో దిగుతారు. రెండో డాక్టర్ గారు అలా చేయలేదు. ముందు మైనంతో చివరికి రావాల్సిన పళ్ల ఆకారం తయారుచేయించి, దాన్ని బట్టి నా పళ్ల మీదే తాత్కాలికంగా ఆ ఆకారం పోశారు. అద్దంలో చూసుకుని, మాట్లాడి చూసుకుని, సరే అన్నాక దాని మీద నుంచే డ్రిల్లుతో ఎంత లోతు తీయాలో తెలిపే గాడులు పెట్టారు. వెనీర్ మందానికి కావాల్సిన చోటులో చాలా భాగం ఆ తాత్కాలిక పొరలోనే దొరికింది. నా సొంత పన్ను కొన్నిచోట్ల గీత పడనేలేదు, కొన్నిచోట్ల వెంట్రుక మందం పోయింది. అదే డ్రిల్లు, అదే లోతు. మొదలుపెట్టే చోటు మారేసరికి ఎంత తేడా!

అతికించే రోజు ఆ డాక్టర్ గారు చేతి అద్దం ఇచ్చి చూడమన్నారు. ఆమ్లం రాసి, కడిగి, గాలితో ఆరబెట్టాక ఎనామిల్ ఉన్నచోటంతా సుద్ద పూసినట్టు తెల్లగా మసకబారింది. ఎడమ వైపు రెండో పంటికి చిగురు పక్కన గోరంచు అంత చోటు మాత్రం పచ్చగా, తెల్లబడకుండా ఉండిపోయింది. “అదే డెంటిన్” అన్నారు. అరగదీసిన రోజే దాని మీద బాండింగ్ పూత వేసి గొట్టాలు మూసేశారట. అలా వెంటనే మూయకపోతే, అసలు వెనీర్లు తయారై వచ్చేదాకా తాత్కాలిక వెనీర్లతో గడిపే ఆ వారం రెండు వారాలూ నరకమే. తాత్కాలికం పూర్తిగా అతకదు, అంచుల్లోంచి నీళ్లు, గాలి దూరతాయి. వెనీర్లు వేయించుకున్నవాళ్లు చెప్పే జివ్వు చాలావరకు ఆ మధ్య రోజులదే.

క్యాప్ (పన్ను మొత్తాన్నీ కప్పే తొడుగు) సంగతి క్లుప్తంగా చెబుతాను. ముందు పళ్లు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి “వెనీర్ కన్నా క్యాప్ గట్టిది” అని చుట్టూరా అరగదీసేవాళ్లు ఉన్నారు. పలచని వెనీర్‌కి పైకి కనిపించే పంటి బరువులో 3 నుంచి 30 శాతం పోతే, పూర్తి క్యాప్‌కి 60 శాతం పైనే పోతుంది. సగానికి సగం విరిగిన పంటికో, రూట్ కెనాల్ చేసి బలహీనపడిన పంటికో అది సరైనదే. రంగు బాగోలేదని, చిన్న వంకర ఉందని మంచి పన్నుని మొగ్గలా చెక్కించుకోకండి, దయచేసి.

మొత్తం మీద నా ఓటు: రంగు ఒక్కటే బాధైతే ముందు బ్లీచింగ్ (మందుతో పళ్లు తెల్లబరచడం), వంకరే అయితే అలైనర్లు (పళ్లని మెల్లగా సరిచేసే పారదర్శక తొడుగులు). బ్లీచింగ్ అయ్యాక రెండు వారాలు ఆగి వెనీర్ అతికించుకోవాలి, లేకపోతే పట్టు తగ్గుతుంది. ఆ తర్వాత కూడా వెనీర్ కావాలనిపిస్తే, చిన్న వయసులో కాంపోజిట్. మిగతావాళ్లకి ముందుగా ఆకారం పోసి చూపించి, దాని మీద నుంచి ఎనామిల్ లోపలే ఆగేలా అరగదీసే సిరామిక్. అసలు అరగదీయకుండా అతికించేది పళ్లు చిన్నవిగానో, సందులతోనో ఉన్నవాళ్లకే. నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే ఏది వేయించుకున్నా రాత్రి గార్డ్ (పడుకునేటప్పుడు పళ్లకి పెట్టుకునే తొడుగు) తప్పనిసరి.

అతికించాక కొన్ని రోజులు చల్లదనానికి జివ్వుమంటే భయపడక్కర్లేదు. పొటాషియం నైట్రేట్ ఉన్న సెన్సిటివిటీ పేస్టు వాడవచ్చు, పని చేయడానికి రెండు వారాలైనా పడుతుంది. కొరికినప్పుడే నొప్పంటే ఆ పన్ను ఎత్తుగా తగులుతోందేమో, ఒకసారి వెళ్లి సరిచేయించుకుంటే పోతుంది. చల్లటిది తీసేసిన తర్వాత కూడా నిమిషాల తరబడి లాగుతుంటే, అర్ధరాత్రి ఊరికే నొప్పి లేస్తే మాత్రం పేస్టుతో సరిపెట్టకండి. నరం వాచిన గుర్తు అది, వెంటనే చూపించుకోవాలి.

నాకు నాలుగు పళ్లకి వేశారు. మూడింటికి రెండో రోజు నుంచే ఏమీ తెలియలేదు. గోరంచు అంత పచ్చటి చోటున్న ఆ ఎడమ పన్ను ఒక్కటే, నోరు తెరిచి గాలి పీల్చినప్పుడల్లా పది రోజులు గుర్తుచేసింది.