బెంగళూరులో ఎన్జీవో ఉద్యోగం: చాలాకాలం చేశాక నా సమీక్ష

సేవారంగంలో ఉద్యోగం మొదలుపెట్టాలనుకునేవాళ్లు నన్నడిగితే ముందు ఒకటే చెప్తాను. ఆ సంస్థ ఏం పని చేస్తుందో ఎలాగూ చూస్తారు, దాంతోపాటు మీ జీతం ఏ డబ్బులోంచి వస్తుందో కూడా కనుక్కోండి. 2016లో బీకాం అయ్యాక కదిరి నుంచి బెంగళూరు వచ్చి, వలస కూలీల పిల్లల చదువు మీద పనిచేసే ఒక చిన్న సంస్థలో ఫీల్డ్ కోఆర్డినేటర్‌గా చేరాను. ఆ తర్వాత సంస్థ మారింది, హోదా మారింది, పని మాత్రం దాదాపు అదే. ఇది నాకు ఇష్టమైన పని. మళ్లీ మొదటినుంచి ఎంచుకోమన్నా దీన్నే ఎంచుకుంటాను. ఇష్టం ఉంది కాబట్టే, ఇందులోకి కొత్తగా వచ్చేవాళ్లు ఏడాది తిరక్కుండానే నీరుగారిపోయి వెళ్లిపోవడం చూస్తే బాధేస్తుంది. వాళ్లలో చాలామంది పని కష్టమై వెళ్లలేదు. డబ్బు ఎలా వస్తుందో, ఎప్పుడు ఆగుతుందో ఎవరూ చెప్పక, అది ఒక్కసారిగా మీద పడేసరికి వెళ్లిపోయారు.

పని సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే ఈ రంగంలో దొరికేది మరెక్కడా దొరకనిది అదే. సర్జాపుర, వర్తూరు, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లు లేస్తున్నచోటల్లా పక్కనే రేకుల షెడ్లుంటాయి. అక్కడుండేవాళ్లు రాయచూరు, యాదగిరి నుంచి వచ్చినవాళ్లు, ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు, మన కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలతో సహా దిగినవాళ్లు. పొద్దున ఏడున్నరకల్లా తల్లిదండ్రులు పనిలోకి పోతారు. అంతకుముందే మనం అక్కడ ఉండాలి, లేకపోతే ఆ రోజుకి మాట్లాడేందుకు పెద్దవాళ్లెవరూ దొరకరు. షెడ్డులో మిగిలేది పిల్లలు, వాళ్లను చూసుకునే కాస్త పెద్ద పిల్లలు.

అలా తమ్ముణ్ని చంకనేసుకుని తిరిగే పదేళ్ల పాప ఒకతి గుర్తుంది. ఊళ్లో రెండో తరగతి వరకు వెళ్లింది, తర్వాత అమ్మానాన్నలతో సైట్లు తిరిగింది. తల్లి పట్టు ఒకటే: "ఈడ ఎన్ని దినాలుంటామో మాకే తెల్దు మేడం, బళ్లో ఏసి ఏం లాభం?" రోజూ పలకరించగా పలకరించగా ఒప్పుకుంది. తమ్ముడికి దగ్గర్లోని అంగన్‌వాడీలో చోటు దొరికాకే ఆ ఒప్పుకోలు నిజమైంది. పాపని బడి నుంచి ఆపుతున్నది తమ్ముడని షెడ్డు ముందు కూర్చుంటేనే తెలుస్తుంది, ఆఫీసులో కూర్చుంటే తెలియదు.

ఇక ప్రభుత్వ బడి. హెచ్‌ఎం మేడం టీసీ అడిగారు. టీసీ ఆలస్యమైందన్న కారణంతో చేర్చుకోవడం ఆపకూడదని 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్‌లో ఉంది. వయసు రుజువు లేదని కాదనకూడదని 14వ సెక్షన్ చెప్తుంది. ఇవి కన్నడలో ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకుని తిరిగేవాళ్లం. అయితే ఆవిడ అడ్డం పడే మనిషి కాదు. ఆవిడ చిక్కు వేరే. ఒకటి నుంచి మూడు తరగతుల పిల్లలంతా నలి-కలి పద్ధతిలో ఒకే గదిలో కూర్చుని, ఎవరి మెట్టు వాళ్లు ఎక్కుతూ నేర్చుకుంటారు. ఈ పాపని అందులో వేస్తే అక్షరాలు బాగా వస్తాయని ఆవిడ అంటున్నారు. చట్టం 4వ సెక్షన్ వయసుకు తగ్గ తరగతిలో చేర్చి, వెనకబడిన చదువుకు విడిగా శిక్షణ ఇవ్వమంటుంది. పదేళ్ల పిల్లని ఆరేళ్లవాళ్ల పక్కన కూర్చోబెడితే వారం తిరక్కుండా మానేస్తుందని మా భయం. చివరికి నాలుగో తరగతిలో పేరు రాసి, పొద్దున ఒక పీరియడ్ మాత్రం నలి-కలి గదిలో కూర్చోబెట్టేలా ఆవిడే దారి చూపించారు. తెలుగు అక్షరాలు కొంత వచ్చి ఉండటంతో పాప కన్నడ అక్షరాలు మేం అనుకున్నదానికంటే తొందరగా పట్టేసింది.

ఇలాంటి పనిలో రెండేళ్లుంటే మీకు ఏం వస్తుందో చెప్పనా? ఒక చట్టం కాగితం మీద ఎలా ఉంటుందో, హెచ్‌ఎం టేబుల్ మీద ఎలా ఉంటుందో రెండూ తెలుస్తాయి. అంగన్‌వాడీ టీచరుతో, మేస్త్రీతో, సైట్ ఇంజనీరుతో, కార్మిక శాఖ గుమాస్తాతో ఎవరితో ఎలా మాట్లాడాలో తెలుస్తుంది. అందుకే నేరుగా ఆఫీసు ఉద్యోగంలో చేరే అవకాశం వచ్చినా, మొదటి రెండేళ్లు ఫీల్డ్‌లో చేయండని గట్టిగా చెప్తాను. ఆ అనుభవం లేకుండా పైకి వెళ్లినవాళ్లు రాసే ప్రాజెక్టులు షెడ్డు దాకా వచ్చేసరికి పనిచేయవు. ఇది చాలాసార్లు చూశాను.

ఇప్పుడు డబ్బు.

చేరినప్పుడు నా చేతికి 15 వేలు వచ్చేవి. అందులో 6 వేలు పీజీ (పేయింగ్ గెస్ట్) హాస్టలుకే పోయేవి. ఇప్పుడు ప్రోగ్రామ్ మేనేజర్‌గా 60 వేలకు కాస్త తక్కువ వస్తోంది. బెంగళూరు అద్దెలు తెలిసినవాళ్లకు దీని అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. మా మేనత్త ఇప్పటికీ అడుగుతుంది, "సేవ చేస్తే జీతమెవురిస్తారు పాపా?" అని. ప్రశ్న చాలా సరైనది. ఎవరిస్తారు అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంది.

ఎక్కువ సంస్థలకు ఈరోజు పెద్ద ఆధారం సీఎస్‌ఆర్, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే డబ్బు. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం, గత ఏడాది 500 కోట్ల నికర విలువ గానీ, 1000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ, గడిచిన మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం ఇలాంటి పనులకు ఖర్చుపెట్టాలి. ఇది 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. బెంగళూరులో కంపెనీలకు కొదవ లేదు కాబట్టి ఇక్కడ ఎన్జీవో ఉద్యోగాలూ ఎక్కువే. కానీ కంపెనీ లెక్క మార్చి 31తో ముగుస్తుంది. కొనసాగే ప్రాజెక్టుగా తీసుకుంటే మిగిలిన డబ్బు విడిగా ఖాతాలో వేసి మరో మూడేళ్లలో వాడొచ్చని 2021లో వెసులుబాటు వచ్చింది గానీ, నేను చూసిన ఒప్పందాల్లో చాలావరకు ఏడాదివే. కొత్త ఏడాది ఒప్పందం మీద సంతకాలయ్యేసరికి ఆగస్టు దాటేది. పిల్లల్ని బడిలో చేర్పించాల్సింది మాత్రం జూన్‌లో. అంటే పని ఎక్కువ ఉన్న నెలల్లోనే చేతిలో డబ్బు ఉండదు. ఒక సంస్థలో ఉన్నప్పుడు ఇలాగే రెండు నెలలు జీతాలు ఆగాయి. అక్కడి పెద్దలు మంచివాళ్లే, తమ జీతం మానుకుని మాకు అడ్వాన్సులిచ్చారు. అయినా పీజీ ఓనరుకి ఆ సంగతి చెప్తే వింటాడా?

విదేశీ విరాళాలది మరో కథ. వాటిని నియంత్రించే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం 2010ని 2020 సెప్టెంబరులో సవరించారు. పరిపాలన ఖర్చు 50 శాతం దాకా ఉండొచ్చన్నదాన్ని 20 శాతానికి దించారు. ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధిని మరో సంస్థకు ఇవ్వడం పూర్తిగా ఆపేశారు. డబ్బు ముందుగా ఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని ఖాతాలోకే రావాలన్నారు. పెద్ద సంస్థల దగ్గర తీసుకుని పనిచేసే చిన్న సంస్థలకు ఈ రెండో నిబంధన పెద్ద దెబ్బ. మా పాత సంస్థలో రెండు కాలనీల పని అలాగే మూతపడింది. అంతకు కొన్ని నెలల ముందు, లాక్‌డౌన్‌లో, అదే ఏడాది మే నెలలో వలస కూలీలను ఊళ్లకు చేర్చే శ్రామిక్ రైళ్లను కర్ణాటక ప్రభుత్వం కొన్ని రోజులు ఆపి మళ్లీ నడిపినప్పుడు, ఏ షెడ్డులో ఎవరున్నారో, ఎవరి ఫోన్ నంబరు ఏదో తెలిసింది ఆ చిన్న సంస్థల ఫీల్డ్ వాళ్లకే. రేషన్ కిట్లు చేరినచోట వాళ్ల వల్లే చేరాయి. కొన్ని నెలలకే వాళ్ల ఉద్యోగాలు పోయాయి. ఇది ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

20 శాతం పరిమితి ఉద్యోగం వెతుక్కునేవాళ్ల మీద ఎలా పడుతుందో కూడా చెప్పాలి. అకౌంటెంటు, హెచ్‌ఆర్, ఆఫీసు అద్దె పరిపాలన కిందికి వస్తాయి. బడిలో టీచరు, ఆస్పత్రిలో డాక్టరు, ఫీల్డ్ సిబ్బంది రారు. అందుకని సంస్థలు ఆఫీసు మనుషుల్ని బాగా తగ్గించుకుంటాయి, వాళ్ల పని కొంత ఫీల్డ్ వాళ్ల నెత్తిన పడుతుంది. పగలంతా షెడ్లు తిరిగి, రాత్రి బిల్లులు అతికించి యూసీకి (దాత డబ్బు దేనికి వాడామో చూపే పత్రానికి) లెక్కలు సరిచూసేది మనమే. నా బీకాం ఇక్కడ అక్కరకొచ్చింది. ఫీల్డ్ తెలిసి బడ్జెట్ షీటు కూడా చదవగలిగినవాళ్లు చాలా తక్కువ, అలాంటివాళ్లకు త్వరగా పై హోదా వస్తుంది. ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో మాస్టర్స్) చేసినవాళ్లయినా ఎక్సెల్, కోబో లాంటి సర్వే ఫారాలు నేర్చుకుని రండి.

రిపోర్టుల గురించి నాకున్న కోపం కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆ పదేళ్ల పాప కుటుంబం బిల్డింగ్ పూర్తవగానే హొసకోటె వైపు వెళ్లిపోయింది. అక్కడ మరో సంస్థ వాళ్లకు ఫోన్ చేసి మళ్లీ బడిలో చేర్పించాం. పాప చదువుతోంది. కానీ దాత పంపిన ఫార్మాట్‌లో ఆమె కూర్చునే చోటు ఒక్కటే, 'డ్రాపవుట్' కాలమ్. 'వేరే బడికి మారారు' అనే కాలమ్ పెట్టమని అడిగి అడిగి, రెండో ఏడాదికి పెట్టించగలిగాం. కొత్తగా చేరేవాళ్లు ఇలాంటివి అడగడానికి వెనకాడకండి. దాత తరఫున మాట్లాడేవాళ్లలో చాలామందికి షెడ్డు ఎలా ఉంటుందో తెలియదు. తెలిసేలా చెప్తే వింటారు.

చేరేముందు చూసుకోవాల్సినవి ఉన్నాయి. సంస్థ వెబ్‌సైటులో వార్షిక నివేదిక, ఆడిట్ లెక్కలు ఉంటే తెరిచి చదవండి. లేకపోతే ఇంటర్వ్యూలో అడగండి. మొత్తం రాబడిలో ఒకే దాత వాటా ఎంతో చూడండి. సగం పైన ఒకరిదే అయితే ఆ దాత మనసు మారినరోజు మీ ఉద్యోగం ఉండదు. మీ పోస్టు ఏ ప్రాజెక్టులో ఉంది, అది ఎప్పుడు ముగుస్తుంది అని సూటిగా అడగండి. మంచి సంస్థలు నిజం చెప్తాయి. ఆ ప్రశ్నకు ముఖం చిట్లించేవాళ్ల దగ్గర నేనైతే చేరను.

ఆఫర్ లెటర్‌లో 'కన్సల్టెంట్' అని ఉందేమో తప్పకుండా చూడండి. రోజూ ఆఫీసుకెళ్లి, సెలవుకు పర్మిషన్ అడుగుతూ ఉద్యోగిలాగే పనిచేసినా, ఆ పేరు పెడితే పీఎఫ్ ఉండదు, 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసి ఇస్తారు. ఏళ్ల తరబడి చేసినా గ్రాట్యుటీ అడగడానికి ఆధారం ఉండదు. 10 మంది, అంతకు పైన పనిచేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్తుంది. కమిటీలో ఎవరున్నారో ఆడపిల్లలు మొదటిరోజే అడిగి తెలుసుకోవాలి. చీకటి పడ్డాక సైట్ల మధ్య తిరగాల్సిన పని ఇది. సేవ పేరు చెప్పి హక్కులు వదులుకోమనే సంస్థ, అవతల కూలీల హక్కుల గురించి ఏం మాట్లాడగలదు?

దారులు చాలా ఉన్నాయి. సర్జాపుర దగ్గరున్న అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీలో ఎంఏ డెవలప్‌మెంట్ చేసినవాళ్లతో పనిచేశాను. వాళ్లకు చదువు, పరిచయాలు రెండూ దొరుకుతాయి. ఆదాయాన్ని బట్టి ఆర్థికసాయం ఇస్తారు కాబట్టి ఫీజు చూసి ముందే వెనకడుగు వేయకండి. టీచ్ ఫర్ ఇండియా ఫెలోషిప్ రెండేళ్లు, తరగతి గదిలో పాఠం చెప్పడం ఇష్టమైతేనే వెళ్లండి. ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా ఫెలోషిప్ 13 నెలలు, పల్లెల్లో ఉండి చేయాలి. ఇవేవీ లేకపోయినా నాలాగా మామూలు డిగ్రీతో చిన్న సంస్థలో చేరొచ్చు. ఖాళీలు డెవ్‌నెట్ జాబ్స్ ఇండియా సైటులో, లింక్డ్‌ఇన్‌లో పడుతుంటాయి. చిన్న సంస్థలవి చాలావరకు నోటిమాట మీదే నిండిపోతాయి కాబట్టి, ముందు వారాంతాల్లో వలంటీరుగా వెళ్లి ముఖపరిచయం పెంచుకోవడం మేలు.

ఇంట్లో నెలనెలా పెద్ద మొత్తం అప్పు కట్టాల్సినవాళ్లు మొదటి మూడేళ్లు ఇందులోకి రాకండి. బయట సంపాదించి అప్పు తీర్చి వచ్చినా ఈ రంగం మిమ్మల్ని కాదనదు. ఐటీలో పదేళ్లు చేసి వచ్చినవాళ్లు మా దగ్గర ఇద్దరున్నారు, డేటా పని వాళ్లే చూస్తున్నారు.

తెలుగువాళ్లకు మాత్రం ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. బెంగళూరు లేబర్ షెడ్లలో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి, వాళ్లతో వాళ్ల యాసలో మాట్లాడగలిగే ఫీల్డ్ మనుషులు సరిపడా లేరు. దానికితోడు బడిలో, ఆఫీసుల్లో నెగ్గుకొచ్చేంత కన్నడ వస్తే మిమ్మల్ని వదులుకునే సంస్థ ఉండదు. జూన్‌లో బడుల చేర్పులకు మనుషుల్ని ఏప్రిల్, మే నెలల్లోనే చూసుకుంటారు. దరఖాస్తు మార్చిలోపే పంపండి, ప్రాజెక్టు ముగింపు తేదీ ఎప్పుడని ఇంటర్వ్యూలోనే అడగండి.